కుళాయి లేని బడిలో చేతులు కడిగిద్దాం – 3వ పాఠం: అడుగుల బాట

కిందటి పాఠంలో ఐదు లీటర్ల డబ్బాకు తాడు కట్టి, కాలితో కర్ర తొక్కితే నీళ్లు ఒలికేలా బిగించాం. పక్కనే సబ్బు నీళ్ల సీసా: లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి, మూతకు మేకుతో చిన్న కన్నం. సబ్బు బిళ్ల పెడితే కాకులే మిగల్చవు.

ఇన్ని ఉన్నా పిల్లలు కడుక్కోరు. తెలియక కాదు, అడిగితే గడగడా అప్పజెప్తారు. మరుగుదొడ్డి దాటగానే ధ్యాస ఆట మీదికి పోతుంది, అంతే. అందుకే ఈ వారం వాళ్లకు ఏమీ చెప్పొద్దు.

బంగ్లాదేశ్‌లో రెండు పల్లెటూరి ప్రాథమిక బడుల్లో ఇలాగే చేశారు. చేతులు కడిగే చోటు కట్టి, మరుగుదొడ్డి నుంచి అక్కడిదాకా బాట వేసి, దాని మీద పాదాల గుర్తులు, నీళ్ల దగ్గర అరచేతుల గుర్తులు పెయింట్ చేశారు. ఉపన్యాసాలు లేవు. దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో కడుక్కోవడం అంతకుముందు నూటికి 4 సార్లే. పని పూర్తయిన మర్నాడు 68, ఆరు వారాలకు 74. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. చూసింది రెండే బడులు కాబట్టి మరీ పొంగిపోనక్కర్లేదు గానీ, డబ్బాడు పెయింట్‌తో పోయేదేముంది?

పెయింట్ కొనేముందు ఒక రోజు విరామంలో చెట్టు కింద కూర్చుని, పిల్లలు నిజంగా నడిచే దారి చూడండి. మనం వేసిన దారి ఒకటి, వాళ్లు పరిగెత్తే అడ్డదారి ఇంకొకటి. గుర్తులు పడాల్సింది అడ్డదారిలోనే.

మొదట ముగ్గుతో వేసి చూడండి. కృష్ణాష్టమికి గడపలో చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తాం కదా, అలాగే: తడి ముగ్గులో పిడికిలి పక్కభాగం ముంచి అద్ది, వేలికొసతో ఐదు చుక్కలు. ఒకటో తరగతి పిల్ల అంగకు సరిపోయేంత దూరంలో వేయండి. చివరి జత పాదాలు తొక్కే కర్ర ముందే ఉండాలి, అక్కడ నిలబడితే కాలు దానంతటదే కర్ర మీద పడుతుంది.

దారి కుదిరిందనిపిస్తే పెయింట్. మట్టినేల మీద రంగు నిలవదు. విరిగిన షాబాదు బండ ముక్కల మీద వేసి, వాటిని నేలకు సమంగా పాతండి. అంచు పైకి లేస్తే బొటనవేళ్లు చితుకుతాయి.

ఈ వారం పని: బాట వేయకముందు ఒక రోజు, వేశాక ఒక రోజు, వెళ్లినవాళ్లెందరో కడుక్కున్నవాళ్లెందరో లెక్క రాయండి. దూరం నుంచే సుమా, టీచర్ కనబడితే అందరూ కడిగేస్తారు. డబ్బా నింపే వంతులు వచ్చే పాఠంలో.