గేదె మేత – 4వ భాగం: పెళ్లన్నం, నెమరు లెక్క

పోయిన భాగంలో ఎండుగడ్డి, పచ్చిమేత కొలతలు చూశాం కదా, ఇవాళ అన్నం సంగతి. రెండేళ్ల కిందట మా వీధిలో పెళ్లైతే రెండు గంపల అన్నం మిగిలింది, పారబోయడం ఎందుకని మా అమ్మ గేదెకి పెట్టేసింది, అది గంపతో సహా నాకేసింది. తెల్లారేసరికి డొక్క ఉబ్బి, పేడ నీళ్లలా పుల్లటి కంపు, నెమరు లేదు, పాలు చెంబెడు కూడా రాలేదు. డాక్టరుగారొచ్చి సెలైన్ ఎక్కించాక మూడోరోజుకి గడ్డి ముట్టింది.

ఏం జరిగిందంటే, పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు గడ్డికి అలవాటు పడినవి. ఒక్కసారిగా అంత పిండిపదార్థం పడేసరికి లాక్టిక్ ఆమ్లం చేసే రకం విపరీతంగా పెరిగి, మామూలుగా 6-7 మధ్య ఉండే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కిందకి పడిపోద్ది. గడ్డైతే నమలాలి, నమిలితే లాలాజలం ఊరుద్ది, దాంట్లో మన తినే సోడాలాంటిదే ఉంటది, అది పులుపు విరుస్తది. అన్నానికి నమిలే పనేముంది, మింగేయడమే! అందుకే కుడితిలో ఒకట్రెండు గుప్పిళ్లు కలిస్తే పర్లేదు గానీ గంపలు మాత్రం వద్దు. దాణా మార్చినా అంతే, పాతది తగ్గిస్తా కొత్తది కొంచెం కొంచెంగా 10-14 రోజుల్లో మార్చండి, సంచి అయిపోయిందని రాత్రికి రాత్రి మార్చకండి.

ఇప్పుడు అసలు నేర్చుకోవాల్సింది. మేత తిన్నాక గేదె తీరిగ్గా పడుకుని నెమరేస్తుంటే మెడ చూడండి, ముద్ద కిందనుంచి పైకి పాకడం కనబడుద్ది, అక్కణ్ణుంచి మింగేదాకా ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టండి. 50 అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు, రోజూ 40 దాటట్లేదంటే గడ్డి తక్కువై దాణా ఎక్కువైందని నేననుకుంటా. తర్వాత ఎడమ డొక్కలో పిడికిలి గట్టిగా ఆనించి ఫోన్లో రెండు నిమిషాలు టైమర్ పెట్టుకోండి, లోపల్నుంచి పెద్దపొట్ట రెండుమూడు సార్లు మీ చేతిని తోయాలి. మొదట్లో నాకూ తెలిసేది కాదు, ఊపిరికి డొక్క కదిలితే అదే అనుకునేవాణ్ణి.

అసలు తోయకపోతే, నెమరు ఆగితే దాణా ఆపేసి ఎండుగడ్డి మాత్రం ముందేసి పశువైద్యం హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. పులుపు విరగడానికి తినే సోడా ఎంత తాగించాలో డాక్టర్ని అడిగే తాగించండి, పక్కింటాయన లెక్క వద్దు.

మూడ్రోజులు ఈ రెండు లెక్కలూ గోడ మీద బొగ్గుతో రాసుకోండి, వచ్చే భాగంలో పాలజ్వరం గురించి చెప్పేటప్పుడు అవి కావాలి.