హాస్టల్ సంపులోకి దిగే ముందు

ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టళ్లలో సంపు కడిగే అన్నయ్యలకూ, వాళ్లను పంపే సూపర్‌వైజర్లకూ:

- మూతలన్నీ తీసి, బ్లోయర్‌తో గాలి ఆడించండి. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం కన్నా తక్కువ చూపిస్తే దిగకండి. వాసన రావట్లేదు కదా అని నమ్మొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ (కుళ్లిన మురుగులో పుట్టే విషవాయువు) మరీ ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు.
- మోటార్ మెయిన్ ఆపి తాళం వెయ్యండి. తాళంచెవి దిగేవాళ్ల దగ్గరే ఉండాలి.
- ఒంటికి హార్నెస్ (పైకి లాగడానికి కట్టుకునే బెల్టుల జత), దానికి తాడు. పైన ఒక మనిషి కాపలా ఉండాలి, టీకి కూడా కదలకూడదు.
- లోపల ఎవరైనా పడిపోతే వెనకే దూకకండి. రెండో ప్రాణం పోయేది అలాగే. తాడుతో పైకి లాగండి, 108కి ఫోన్ చేయండి.
- సెప్టిక్ ట్యాంకు అయితే మనిషిని దింపే మాటే వద్దు. రక్షణ లేకుండా దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (చేతులతో మలం ఎత్తించే పని) నిషేధ చట్టం ప్రకారం నేరం. శ్రీకాకుళం నుంచి మెషిన్ బండి తెప్పించండి, ఖర్చు ఎంతైనా సరే.