కాచిగూడ స్టేషన్‌ను తీరిగ్గా చూడాలనుకునే వారికి

కాచిగూడ వెళ్లే సందర్శకులు గుమ్మటాల ముందు ఫొటో దిగి తిరిగి వచ్చేస్తుంటారు. ఆ స్టేషన్ అక్కడ ఎందుకు వెలిసిందో, ఇప్పుడు హైదరాబాద్‌కు ఎలా ఉపయోగపడుతున్నదో తెలియాలంటే భవనం కంటే ముందు పట్టాలను చూడాలి.

అందుకు సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కడం మంచిది. ఎంఎంటీఎస్ టికెట్ ఎక్స్‌ప్రెస్ రైళ్లలో చెల్లదు కనుక, వచ్చిన రైలేదో చూసుకుని ఎక్కాలి. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్ దాటగానే కాచిగూడ వస్తుంది. మీరు వచ్చిన ఈ దారి ఒకప్పుడు మీటర్‌గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం ఒక మీటరే. 1874లో కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేసిన తొలి లైను అంతకంటే వెడల్పైన బ్రాడ్‌గేజ్ కాగా, ఆ తర్వాత మహారాష్ట్రలోని మన్మాడ్ వైపు వేసిన గోదావరి లోయ లైను ఒక మీటరు వెడల్పుతోనే సాగింది. ఆ మీటర్‌గేజ్ రైళ్లకు నగరంలో ముఖ్యమైన మజిలీ కాచిగూడే.

ఇక బయటికి వచ్చి, రోడ్డుకు అవతలి వైపు నిలబడి భవనాన్ని చూడండి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1916లో కట్టినది ఇది. నిజాం రైల్వేకు ఇదే ప్రధాన కార్యాలయంగా ఉండేది. నడిమి గుమ్మటం, పక్క గుమ్మటాలు, వాటిని ఆనుకున్న మినార్లు దగ్గరికి వెళితే ఒక్కసారిగా కంటికి ఆనవు.

తర్వాత ఉదయం రద్దీ వేళ ఒక అరగంట పాదచారుల వంతెన మీద గడపండి. నా దృష్టిలో అసలు చూడవలసింది అదే. మహబూబ్‌నగర్ వైపు నుంచి సంచులతో దిగినవారు, బెంగళూరు రైళ్ల కోసం పెట్టెలు లాక్కుంటూ వచ్చేవారు, 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్‌కు అలవాటుపడిన ఉద్యోగులు ఒకే మెట్ల మీద ఎదురెదురవుతారు. దూరప్రాంతపు రైలు దిగిన మనిషి నగరంలోకి వెళ్లే లోకల్ రైలును అదే ఆవరణలో అందుకోగలగడం ఈ స్టేషన్ ప్రత్యేకత.

సమయముంటే మరో స్టేషన్ ముందుకు వెళ్లండి. రైలు మూసీ వంతెన దాటి మలక్‌పేట చేరుతుంది. అక్కడ మెట్రో స్టేషన్ పక్కనే ఉంటుంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఎంఎంటీఎస్ సర్వీసులు తగ్గే అవకాశం ఉంది కనుక, ఆ రోజుల్లో తిరుగు ప్రయాణానికి మెట్రోనే నమ్ముకోవడం మేలు.