పాత లీవర్ యాక్షన్ రైఫిల్: కాల్చిన రోజే కడగాలి
లీవర్ యాక్షన్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ను కిందికి తోసి తూటా ఎక్కించేది. చాలా పాతకాలపు తూటాల ప్రైమర్లలో (తూటాలోని మందును అంటించే చిన్న బిళ్లలు) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఉప్పులాంటి పొటాషియం క్లోరైడ్‌గా మారి తుపాకీ గొట్టంలో (బ్యారెల్‌లో) మిగులుతుంది. హైదరాబాద్ వానాకాలపు తేమకు తెల్లారేసరికే తుప్పు మొదలుకావచ్చు. నూనె ఈ ఉప్పును కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి.

ముందు ఛాంబరూ (కాల్చే తూటా కూర్చునే చోటు), మ్యాగజైన్ గొట్టమూ (మిగతా తూటాలు ఉండే గొట్టం) ఖాళీయేనని కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోండి. ఈ రకం రైఫిలైన వించెస్టర్ 1894కు వెనకనుంచి శుభ్రం చేసే కడ్డీ వెళ్లదు, మూతినుంచే (బ్యారెల్ ముందు కొస నుంచే) తోయాలి. కడ్డీ మూతి అంచును అరగదీస్తే గురి చెడుతుంది కాబట్టి ఇత్తడి గైడ్ (కడ్డీని మధ్యలో నిలిపే తొడుగు) తప్పనిసరి. మార్లిన్ 336కి ఈ బాధ లేదు: లీవర్ స్క్రూ విప్పితే బోల్టు (తూటాను వెనకనుంచి మూసి ఉంచే దిమ్మ) వెనక్కి వచ్చేస్తుంది, కడ్డీ వెనకనుంచే వెళ్తుంది.

మూతి కాస్త కిందికి ఉంచి, వేడినీళ్లలో తడిపిన గుడ్డముక్కలు నాలుగైదు తోయండి. తర్వాత పొడిగుడ్డలు, చివర పల్చగా నూనె. బోల్టు ముఖం కూడా తుడవాలి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.