వానా చలీ ముదరకముందే: చెవి, ముక్కు, గొంతు జాగ్రత్తలు

గాలిలో చెమ్మ పెరిగితే ముందు చెవులు దురద పెడతాయి. చలి ముదిరితే ముక్కులు దిబ్బడ వేస్తాయి, గొంతులు గరగరలాడతాయి. వీటిలో చాలావాటికి డాక్టరు అవసరం ఉండదు, వారం పది రోజుల్లో అవే సర్దుకుంటాయి. అయితే మామూలు జలుబులాగానో గులిమి అడ్డుపడినట్టుగానో కనిపిస్తూ, గంటల్లో, రోజుల్లో తిరిగిరాని నష్టం చేసేవి కొన్ని ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు బాగా పనికొస్తాయి. ఎన్నాళ్ల నుంచి ఉంది? రెండు వైపులా ఉందా, ఒకవైపేనా? జలుబూ అలర్జీ సాధారణంగా రెండు వైపులా పట్టుకుంటాయి. ఒకే చెవి, ఒకే ముక్కురంధ్రం, గొంతులో ఒకే పక్క విడవకుండా బాధిస్తుంటే కారణం వేరే ఉండొచ్చు.

చెవి

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉన్న దారి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఆ దారిలోని చర్మం లోపలి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ గులిమినీ దుమ్మునూ తనతో మోసుకొస్తుంది. నమిలేటప్పుడు, మాట్లాడేటప్పుడు దవడ కదలడం దానికి తోడవుతుంది. గులిమి మురికి కాదు. దాని జిడ్డు నీటిని ఆపుతుంది, దాని ఆమ్లగుణం క్రిములను పెరగనివ్వదు. బడ్ పెట్టి తిప్పితే కాస్త గులిమి దూదికి అంటుకుని వస్తుంది, మిగతాది లోపలికి కూరుకుపోతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల అయితే చర్మం గీరుకుంటుంది. తడి కాలంలో ఆ గీరుడు దగ్గరే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది.

వానలో తడిసినా, ఈత కొట్టినా, తలంటుకున్నా తల ఒక పక్కకు వంచి, చెవిని కాస్త వెనక్కి లాగితే నీళ్లు బయటికి జారతాయి. తువ్వాలుతో బయటి భాగం తుడిస్తే చాలు. ఇంకా తడిగా ఉందనిపిస్తే హెయిర్ డ్రైయర్‌ను తక్కువ వేడిలో, అడుగు దూరంలో అటూఇటూ ఆడిస్తూ అర నిమిషం పట్టండి. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు, చెవిలో గొట్టం పెట్టించుకున్నవాళ్లు, చెవి ఆపరేషన్ అయినవాళ్లు స్నానానికి ముందు దూది ఉండకు పెట్రోలియం జెల్లీ పట్టించి చెవి ద్వారానికి అడ్డం పెట్టుకోవాలి. డాక్టరు చెప్పకుండా ఏ చుక్కలూ, నూనే, నీళ్లూ అందులో పోయకూడదు.

చెవి ముందున్న చిన్న మృదులాస్థిని నొక్కినా, చెవి డిప్పను లాగినా నొప్పి ఎక్కువైతే, అది బయటి దారిలో వచ్చిన ఇన్ఫెక్షన్ కావచ్చు. నొప్పి తక్కువగా ఉండి దురద విపరీతంగా ఉంటే, చెవిలో తడి కాగితపు గుజ్జులాంటి తెల్లని పదార్థమో నల్లని చుక్కలో కనిపిస్తే ఫంగస్‌ను అనుమానించాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ చుక్కలు వేసుకుంటారు, ఫంగస్ ఇంకా పెరుగుతుంది. ముందు డాక్టరు చెవిని శుభ్రం చేయాలి. చెత్త అలాగే ఉంటే సరైన చుక్కలు కూడా చర్మం దాకా చేరవు. షుగర్ ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పెద్ద వయసువారికి, రాత్రి నిద్రపట్టనివ్వని చెవిపోటు వచ్చి చుక్కలకు తగ్గకపోతే ఆలస్యం చేయకండి. ఇన్ఫెక్షన్ పుర్రె ఎముకలోకి దిగే ప్రమాదం ఉంటుంది.

చుక్కలు వేయడానికీ ఒక పద్ధతి ఉంది. సీసాను రెండు మూడు నిమిషాలు అరచేతిలో పట్టుకుని ఒంటి వేడికి తేవాలి. చల్లని చుక్కలు పడితే లోపలి చెవిలోని ద్రవం కదిలి కళ్లు గిర్రున తిరుగుతాయి. పక్కకు పడుకోబెట్టి, పెద్దవాళ్లకైతే చెవిని పైకీ వెనక్కీ, మూడేళ్ల లోపు పిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగి వేయండి. ఐదు నిమిషాలు కదలనివ్వకండి. కాచిన నూనె మాత్రం ఎవరి చెవిలోనూ పోయొద్దు.

చెవిలోకి పురుగు దూరి కదులుతుంటే, కర్ణభేరి బాగానే ఉందని తెలిస్తేనే, కాచని మామూలు వంటనూనె నాలుగు చుక్కలు వేయండి. పురుగు చచ్చాక డాక్టరు తీస్తారు. గింజలు చెవిలో పడితే నీళ్లు పోయకండి, ఉబ్బి బిగుసుకుంటాయి. గుండ్రని పూసను పటకారుతో పట్టబోతే జారి ఇంకా లోపలికి పోతుంది.

పిల్లలకు జలుబు చేసిన రెండు మూడు రోజులకు అర్ధరాత్రి చెవిపోటు రావడం చాలా ఇళ్లలో జరిగేదే. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి వెళ్లే గొట్టం పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబుకు అది వాచి మూసుకుంటే లోపల ద్రవం చేరి కర్ణభేరిని నెడుతుంది. ఆ రాత్రికి కావలసింది నొప్పి తగ్గించడం. పారాసిటమాల్ బిడ్డ బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల వరకు, అంటే 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు ఇవ్వొచ్చు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఉండాలి, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకూడదు. సిరప్ గాఢత సీసాకు సీసాకూ మారుతుంది కాబట్టి 5 మిల్లీలీటర్లలో ఎంత మందు ఉందో చీటీ మీద చదివి లెక్క వేయండి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. ఆరు నెలల లోపు బిడ్డ అయితే, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటితే, రెండు మూడు రోజుల్లో నొప్పి తగ్గకపోతే, చెవి కారితే డాక్టరుకు చూపించాలి. చీము కారగానే నొప్పి తగ్గడం చూసి నయమైందనుకుంటారు. కర్ణభేరి చిల్లుపడి ఒత్తిడి దిగినందువల్ల నొప్పి తగ్గింది, అంతే. చెవి వెనక ఎముక మీద ఎర్రగా వాచి, డిప్ప ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక అందరూ గుర్తుంచుకోవాల్సింది హఠాత్తుగా వినికిడి పోవడం గురించి. పొద్దున లేచేసరికి, లేదా రెండు మూడు రోజుల్లో, ఒక చెవి మూసుకుపోయినట్టు అవుతుంది. నొప్పి ఉండదు. గులిమేలే అని వారాలు గడిపేస్తారు. వినికిడి నరం దెబ్బతిన్నప్పుడూ అచ్చం ఇలాగే ఉంటుంది. దానికిచ్చే స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లోనే బాగా పనిచేస్తుంది, ఎంత ముందైతే అంత మంచిది. నోరు మూసి 'మ్మ్…' అని మూలగండి. శబ్దం మూసుకున్న చెవిలో గట్టిగా వినిపిస్తే గులిమి లాంటి అడ్డంకి కావచ్చు. బాగున్న చెవిలో గట్టిగా వినిపిస్తే నరాన్ని అనుమానించాలి. ఈ పరీక్షే తీర్పు కాదు. ఎటు వినిపించినా హఠాత్తుగా వచ్చిన చెవుడుకు ఒకటి రెండు రోజుల్లో వినికిడి పరీక్ష జరగాలి. చెవిపోటుతో పాటు ఒకవైపు ముఖం వంకరపోయినా, చెవి మీద నీటిపొక్కులు లేచినా వేచి చూడకూడదు.

పక్క మీద ఒత్తిగిలినప్పుడు నిమిషం లోపు కళ్లు తిరిగి ఆగిపోతే అది ఎక్కువగా లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పినందువల్ల వస్తుంది. తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పి డాక్టరు సరిచేస్తారు. కళ్లు తిరగడంతో పాటు మాట ముద్దకట్టినా, వస్తువులు రెండుగా కనిపించినా, చెయ్యీ కాలూ పట్టుతప్పినా, నిలబడలేకపోయినా అది మెదడుకు సంబంధించిన అత్యవసరం.

ముక్కు

చీమిడి పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారితే యాంటీబయాటిక్ కావాలనుకోవడం పొరపాటు. మామూలు వైరస్ జలుబులోనూ మూడో నాలుగో రోజుకు రంగు మారుతుంది. రంగు కంటే రోజులు ముఖ్యం. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గుముఖం పట్టి మళ్లీ జ్వరం, ముఖం నొప్పి తిరగబెట్టినా, మొదటి నుంచే 39 డిగ్రీల జ్వరంతో మూడు నాలుగు రోజులు చిక్కని చీమిడి వచ్చినా బాక్టీరియా సైనసైటిస్, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల (సైనస్‌ల) ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు. సైనస్ బాధలో కనురెప్ప వాచినా, కనుగుడ్డు ముందుకు వచ్చినా, చూపు మసకబారినా గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి. షుగర్ అదుపులో లేనివారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి చెంప మొద్దుబారి, ముక్కులో నల్లని పక్కు కడితే అంతే తొందర. అది ప్రాణాంతకమైన ఫంగస్ కావచ్చు.

దిబ్బడకు వాడే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. అందుకే వదలబుద్ధి కాదు. ఐదు రోజులు దాటితే మందు ప్రభావం దిగగానే రక్తనాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్క వేయాల్సి వస్తుంది. నెలల తరబడి సీసా జేబులో పెట్టుకు తిరిగేవాళ్లకు రోగం ఆ చుక్కలే. సీసా తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి.

ఉప్పునీటి కడుగుడు మంచిదే, కానీ నీళ్ల విషయంలో రాజీ పడొద్దు. కుళాయి నీళ్లు, బావి నీళ్లు నేరుగా ముక్కులోకి ఎక్కిస్తే అరుదుగా నెగ్లేరియా అనే అమీబా మెదడులోకి చేరుతుంది. అది సోకినవాళ్లు బతకడం చాలా అరుదు. నీళ్లు కనీసం ఒక నిమిషం తెర్లించి చల్లార్చి, 240 మిల్లీలీటర్లకు అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా వేయండి. సీసాను ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి. చీదేటప్పుడు ఒక రంధ్రం మూసి ఇంకోదాన్ని నెమ్మదిగా చీదాలి. రెండూ కలిపి గట్టిగా చీదితే ఒత్తిడి చెవిలోకి వెళ్తుంది.

వేడినీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లలకు ఆవిరి పట్టడం మానేయండి. జలుబు త్వరగా తగ్గదు సరికదా, గిన్నె ఒలికి తొడలు కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు.

ఏటా ఒకే కాలంలో తుమ్ములు మొదలయ్యేవాళ్లు డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రేను ఆ కాలానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. పూర్తి ఫలితానికి రోజులు పడుతుంది. తల కొంచెం వంచి, కుడి రంధ్రంలోకి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రంలోకి కుడి చేత్తో కొట్టుకుంటే మందు మధ్య గోడ మీద కాకుండా బయటి వైపు పడుతుంది. మధ్య గోడ మీద పడుతూ ఉంటే అక్కడ ఎండి రక్తం వస్తుంది.

ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చవద్దు. రక్తం గొంతులోకి దిగి వాంతి అవుతుంది, ఎంత పోయిందో కూడా తెలియదు. కూర్చుని ముందుకు వంగి, ఎముక కిందున్న మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, గడియారం చూసి 10 నిమిషాలు ఉంచండి. మధ్యలో ఆగిందా అని తీసి చూస్తే కట్టిన గడ్డ ఊడిపోతుంది. నోట్లోకి వచ్చింది ఉమ్మేయాలి. మరో 10 నిమిషాలు నొక్కినా ఆగకపోతే, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే, తలకు దెబ్బ తగిలాక వస్తే ఆసుపత్రికే. తలకు దెబ్బ తగిలాక ఒక రంధ్రం నుంచి నీళ్లలాంటి ద్రవం బొట్లు బొట్లుగా కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

చిన్నపిల్లల్లో ఒకే ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల ఏదో ఇరుక్కుందనే అనుకోండి. అది బటన్ బ్యాటరీ అయితే రెండు గంటల్లోనే కణజాలం కాలడం మొదలవుతుంది. ముక్కులోనైనా చెవిలోనైనా చుక్కలు వేయకుండా వెంటనే పరుగెత్తాలి. చలికి తలుపులేసుకుని పిల్లలు ఇంట్లోనే ఆడుకునే రోజులివి. రిమోట్లు, బొమ్మల బ్యాటరీ మూతలకు స్క్రూలున్నాయో లేదో ఇవాళే చూడండి.

గొంతు

గొంతునొప్పి ఎక్కువ భాగం వైరస్ పనే. ముక్కు కారడం, దగ్గు, గొంతు బొంగురు తోడుగా ఉంటే యాంటీబయాటిక్ దండగ. దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లని చీము, మెడ ముందు నొప్పిగా ఉన్న గ్రంథులు ఉంటే, ముఖ్యంగా 3 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో, స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా కోసం పరీక్ష చేయించాలి. అది ఉన్నట్టు తేలితే, దాని తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతినకుండా ఉండాలంటే నొప్పి మొదలైన 9 రోజుల లోపు యాంటీబయాటిక్ పడాలి. నొప్పి మూడో రోజే తగ్గినా డాక్టరు రాసినన్ని రోజులూ వేయాలి.

గ్లాసు గోరువెచ్చని నీళ్లకు అర టీస్పూను ఉప్పు వేసి పుక్కిలిస్తే ఉపశమనం ఉంటుంది. మింగకుండా పుక్కిలించడం రాని పిల్లలకు వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకూడదు, బొట్యులిజం అనే ప్రాణాంతక విషప్రభావం వచ్చే ప్రమాదం ఉంది. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడినా స్వరతంత్రులకు శ్రమే. మెల్లగా మాట్లాడండి, లేదా ఊరుకోండి.

ఒకే పక్క భరించలేని నొప్పి, నోరు సరిగా తెరుచుకోకపోవడం, నోట్లో ముద్ద ఉన్నట్టు మాట వస్తే టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టి ఉండొచ్చు, దాన్ని బయటికి తీయాలి. పిల్లాడు చొంగ మింగలేక, ముందుకు వంగి కూర్చుని, గాలి పీల్చినప్పుడల్లా కీచుమంటుంటే పడుకోబెట్టకండి. స్పూనుతో నాలుక నొక్కి గొంతు చూడకండి, ఆ కాస్త కదిలింపుకే దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. కూర్చోబెట్టే అంబులెన్సులో తీసుకెళ్లాలి.

గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే పెద్ద అన్నం ముద్దలు మింగి దిగకొట్టాలని చూడకండి, ఇంకా లోతుగా దిగబడుతుంది. మూడు వారాలు దాటిన బొంగురు గొంతు, మెడలో గడ్డ, మానని నోటిపుండు, ఒకే పక్క టాన్సిల్ పెరగడం, ఒకే పక్క చెవిపోటు ఉండి చెవి పరీక్షలో ఏమీ కనిపించకపోవడం, వీటిలో ఏది ఉన్నా గొంతు లోపలంతా చూడాలి. పొగాకు, మద్యం అలవాటున్నవారికి ఇది మరీ ముఖ్యం. గొంతులో క్యాన్సర్ పుండు ఉన్నా నొప్పి చెవిలోకి పాకుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏ పక్క, ఏ రోజు మొదలైంది, ఇప్పటిదాకా ఏం వేశారు అన్నవి కాగితం మీద రాసుకోండి, వాడిన సీసాలు వెంట తీసుకెళ్లండి. వెళ్లే రోజు పొద్దున చెవిలో కొత్తగా ఏమీ వేయకండి. ద్రవం నిండి ఉంటే కర్ణభేరి కనిపించదు.