బెజవాడలో గోథిక్ ఫాంటసీ రాయాలంటే

గోథిక్ (భయం, దిగులు కలగలిసిన కథలు) అనగానే మనవాళ్లు పొగమంచు, గబ్బిలాలు దించేస్తారు. 1764లో ఇంగ్లండులో పుట్టిన ఈ రకం నవలకి అసలు పునాది పాతకోట. అది మనకీ ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో కట్టిన కొండపల్లి ఖిల్లాకి మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్లండి. చెయ్యి ఆనిస్తే గోడ కాలుతుంది, మనిషి అలికిడి ఉండదు. అర్ధరాత్రికి ఏం తీసిపోదు.

ఒంటరితనం గురించి ఉపన్యాసం వద్దు. మీ కథానాయిక ఇద్దరికి సరిపడా కాఫీ కలిపి రెండో గ్లాసు మీద మూత పెడుతుంది. సాయంత్రం ఆ తొరక కట్టిన కాఫీ తనే తాగుతుంది, పారబొయ్యదు. అంతే రాయండి.

ప్రేమకి మాత్రం ఒక గట్టి నియమం పెట్టుకోవాలి. ఆమె ప్రేమించి, చనిపోయినవాడు ఎప్పుడు పడితే అప్పుడు వస్తే టెన్షనేముంది? ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తిన రాత్రుళ్లే వస్తాడనుకోండి. నది ఒడ్డునున్న కృష్ణలంకలో జనం సామాన్లు సర్దుకుంటుంటే ఆమె మాత్రం ఇంకా వరద రావాలని మొక్కుకుంటుంది. దిగులు దానంతటదే వస్తుంది, ప్రేమలో తప్పు కూడా కలుస్తుంది. పక్కింటి పిన్ని "అమ్మాయ్, నువ్వు సర్దుకోలేదేం?" అని అడిగే సీన్‌ని తొందరపడి ముగించకండి.

చివర్లో వేదన, విషాదం అన్న మాటలు వెతికి కొట్టేయండి.