లాభం, న్యాయం రెండూ కావాలంటే ముందు కిలో లెక్క మార్చండి

గుంటూరులో చిన్న కారం మిల్లో, విజయవాడలో పచ్చళ్ళ వ్యాపారమో పెట్టి దాంతోనే నలుగురికి మేలు చేయాలనుకునేవాళ్ళు ఎక్కువమంది అనే మాట ఒకటే, ముందు లాభాలు రానీ, మిగిలిందాంట్లో ఇద్దాం అని. నేనూ మూడేళ్ళు అదే అన్నాను. ఏమీ మిగల్లేదు, వచ్చిందంతా మళ్ళీ సీజన్‌కి యార్డులో మిర్చి కొనడానికే పోయేది.

అందుకే ఇవ్వాలనుకున్నది లాభంలోంచి తీయొద్దు, ఖర్చులో రాయండి. మిర్చి, కూలి, కరెంటు, కవర్లు, రవాణా రాసిన చోటే కిలోకి 5 రూపాయలు అని ఇంకో వరుస వేయండి, అమ్మే ధర దాన్ని కలుపుకునే వస్తుంది. ఆ ధరకి సరుకు కదలకపోతే 2 రూపాయలకి దించండి గానీ వరుస కొట్టేయకండి.

మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆస్పత్రి నడిచేదీ ఇలాగే, కట్టగలిగినవాళ్ళ ఫీజులతోనే కట్టలేనివాళ్ళకీ ఆపరేషన్లు జరుగుతాయి.

ఇక ఎవరికి ఇవ్వాలి? అనాథాశ్రమానికి చెక్కు రాసేముందు మీ షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు చూడండి. సాయంత్రానికి వేళ్ళు భగభగ మండుతుంటాయి, ఇంటికెళ్ళి చంటిబిడ్డని ఎత్తుకోవాలన్నా భయమే. మిర్చి ఘాటు నీళ్ళకి వదలదు, నూనెకి వదులుతుంది, అందుకని మా కుళాయి పక్కన కొబ్బరినూనె గిన్నె, సబ్బు ఎప్పుడూ ఉంటాయి, ముందు నూనె రుద్దుకుని తర్వాత సబ్బుతో కడుక్కుంటారు. గ్లౌజులు ఇస్తే మొదట పక్కన పడేశారు. తప్పు వాళ్ళది కాదు, వదులు గ్లౌజుతో తొడిమ పట్టు దొరకదు, కూలేమో కిలోల లెక్కన. చేతికి సరిపోయే పల్చటివి తెచ్చి, అలవాటయ్యేదాకా రెండు వారాలు రోజుకూలి ఇచ్చాకే వేసుకున్నారు. కాటా కూడా వాళ్ళకి అంకె కనిపించేలా తిప్పి పెట్టండి, దీనికి పైసా ఖర్చు లేదు.

సేవాశయం కోసమే పెట్టే సెక్షన్ 8 కంపెనీ పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఒక్క నిమిషం ఆగండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం అందులో లాభం పంచుకోవడం కుదరదు, వచ్చింది ఆ ఆశయానికే వాడాలి. మీ ఇల్లు గడవాల్సింది దీనిమీదే అయితే మామూలు వ్యాపారంగానే నడపండి. సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలన్న నిబంధన 5 కోట్ల నికర లాభం లాంటి హద్దులు దాటిన కంపెనీలకే, మనల్ని అడిగేవాళ్ళు లేరు కాబట్టి మన పుస్తకం మనమే గట్టిగా రాసుకోవాలి.

ప్యాకెట్ మీద మాత్రం కూలీల ఫొటో వేసి జాలితో అమ్మొద్దు, కారం బాగుందనే కొనాలి. ఆ 5 రూపాయలు ఏమయ్యాయని ఎవరైనా అడిగితే చూపించడానికి కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంచండి. మా దాంట్లో పోయిన నెల రాసింది ఇంతే: నూనె, గ్లౌజులు, ఇద్దరికి కంటి పరీక్ష, ఒకరికి కళ్ళద్దాలు.